తాళమెవరి మొలనుంది

1968 జనవరి 9, మంగళవారం

ఈ పుస్తకం కోటేశ్వరి టీచరమ్మ ఇచ్చింది. పాట రాసి పెట్టమంది. "మామ్మగారూ, మీరు కట్టిన పాట మీ చేత్తోనే రాసివ్వండి, ఒక్క మాట మార్చకుండా అచ్చు వేయిస్తాం" అంది. నేను మూడో తరగతి తల్లీ, ఒత్తులు తప్పుతాయి అంటే తప్పినా పరవాలేదంది. పరవాలేదని ఎలాగంటాది. అచ్చులో తప్పు పడితే ఖరగ్‌పూరంతా చూడదా.

మార్చి పన్నెండుకి పదేళ్ళు. కాలిపోయిన గొడౌను మలుపు దగ్గర రాయి పాతుతారట. దాని మీద పోయినవాళ్ళ పేర్లు చెక్కిస్తారట. పేర్లు ఎక్కడివమ్మా అంటే, "పాటలోవే మామ్మగారూ, కాంట్రాక్టరు పుస్తకాలు లేవు, పోలీసు కాగితం దొరకలేదు, పాట ఒక్కటే మిగిలింది" అంది.

అలగనేసరికి గుండె దడ పట్టుకుంది. ఇంకా తగ్గలేదు. పొద్దున్న మా కోడలు హైమవతి శనగపప్పు కూర వండింది, దానివల్ల కావచ్చు.

జనవరి 10

పాట అంటారు గానీ నేను పాట కట్టలేదు. ఏడిసినాను. మా టెక్కలి వైపు చావింట ఏడవడమంటే ఉత్తి ఏడుపు కాదు. పోయినవాడిని పేరెట్టి పిలవాల, వాడి గుణం చెప్పాల, వదిలిపోయిన పని చెప్పాల, రాగం తీయాల. మా అమ్మ తీసేది. ఆ రోజు శవాలు లేచినప్పుడు నేను తీసినాను. మర్నాటికి మగవాళ్ళు దానికి డప్పు కట్టినారు. నెల తిరిగేసరికి యూనియను జెండాలోళ్ళు పట్టుకున్నారు. ఇప్పుడు ఎక్కడ సమ్మె అన్నా, ఎవడి పని తీసేసినా అదే పాట. బెంగాలీవాళ్ళు కూడా అర్థం తెలీకుండా పాడతారు.

ఒక కాగితం మీద రాసుకుని సరిచూసి టీచరమ్మకిద్దామని. ముందు ఇక్కడ.

పొద్దుగాల ఎల్లినావు నూకన్నా
సద్దిగిన్నె వచ్చింది నువ్వు రాలేదు
తలుపు గుద్ది పిలిచినావు నూకన్నా
తాళమెవరి మొలనుందో చెప్పిపో

పాలు చేపుకొచ్చెనని లేచినావు చిట్టెమ్మా
పొగ చేపుకొచ్చెనా నీ గొంతులో
తలుపు గుద్ది పిలిచినావు చిట్టెమ్మా
తాళమెవరి మొలనుందో చెప్పిపో

ఆదివారం గంట కొట్టే సత్తేదం
బుధవారం కొట్టినావు తలుపుని
ఊరు వినలేదు గానీ సత్తేదం
తాళమెవరి మొలనుందో చెప్పిపో

నాలుగో మనిషున్నాడు లోపల
నాలుగో మనిషెవరో అడగరా
నాలుగు గోడలకీ తెలుసురా
తాళమెవరి మొలనుందో చెప్పరా

చెయ్యి నొప్పెట్టింది. సత్తేదం అంటే సత్యవేదం, మన కిరస్తానీ సత్యవేదం, చర్చిలో గంట కొట్టేవాడు. రాతి మీద పూర్తి పేరు వేయమని చెప్పాల. మర్చిపోతానేమో.

జనవరి 14

పొయ్యి ఆర్పినానో లేదో అని వీధి మొగ దాకా వెళ్ళి వెనక్కి వచ్చినాను. ఆర్పే ఉంది. హైమవతి నవ్వింది. "అత్తా, నువ్వు సచ్చిపోయినాక కూడా పాడె మీంచి లేసొచ్చి పొయ్యి సూస్తావు" అంది. తవిటయ్య పెళ్ళాం నోటికి అడ్డు లేదు గానీ మనసు మంచిది. నాకు పిల్లల్లేరు. చెల్లెలి కొడుకు తవిటయ్య, వీడి రైల్వే క్వార్టర్లోనే పదేళ్ళుగా తిని పడుంటున్నాను. ఏనాడూ ముద్ద ఎక్కువైందనలేదు ఇద్దరూ.

జనవరి 17

జోగమ్మ వచ్చింది. రాయి పాతే రోజున ఎవరు పాడాలని మాటొచ్చింది. మేమిద్దరమే పాడాలట.

జోగమ్మ నూకయ్య పెళ్ళాం. మొగుడి పేరు ఆడది పలకదు, పాడనూ పాడదు. అందుకని నూకయ్య చరణం వచ్చేసరికి జోగమ్మ పెదాలు బిగబట్టుకుంటాది, నేనొక్కదాన్నీ తీస్తాను. నా ముఖం వైపు చూస్తూ కూర్చుంటాది, నేనతన్ని పిలుస్తుంటే లోపల్నుంచి వస్తాడేమో అన్నట్టు. పదేళ్ళుగా ఆమె మొగుడి పేరు నా నోట్లో ఉంది. మిగతా చరణాలు ఇద్దరం.

"నర్సమ్మప్పా, ఆ రోజు నీ గొంతు పట్టేసిందనకు. నీ గొంతు పోతే నా ఇంటోడిని పిలిసీవాళ్ళు లేరు" అంది.

ఉప్పునీళ్ళు పుక్కిలించాల రేపట్నుంచి.

జనవరి 21, ఆదివారం

టీచరమ్మకి పాట ఇచ్చేసినాను. చదువుకుని కళ్ళు తుడుచుకుంది. నాలుగో చరణం దగ్గర ఆగింది.

"ఈ నాలుగో మనిషి ఎవరు మామ్మగారూ?"

నేను కొంగు సర్దుకున్నాను.

ఆమే చెప్పింది. "నాకు తెలుసు. నాలుగో మనిషంటే కష్టజీవి. తాళం పడిన ప్రతి చోటా లోపల ఉండిపోయిన మనమంతా. చదువుకున్నవాళ్ళు కూడా ఇలా కట్టలేరు. దీని మీద నేను ముందుమాట రాస్తాను."

అవునమ్మా అన్నాను.

రాతి మీద మూడు పేర్లే వేస్తారు.

జనవరి 22

మా ఇంటాయన కూడా ఆ వారంలోనే పోయినారు. కిరసనాయిలు పొయ్యి పేలి.

జనవరి 23

నిన్న రాసింది చూసినాను. కిరసనాయిలు పొయ్యి అని రాసి ఉంది. అప్పుడు మాకు కిరసనాయిలు పొయ్యి ఎక్కడిది. బొగ్గుల కుంపటి. పొయ్యి రెండేళ్ళ కిందట హైమవతి కొన్నది. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. హైమవతికి చదువు రాదు, తవిటయ్య నేనిది దాచే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టడు. మరి ఇక్కడ కూడా ఎందుకలా రాసినాను.

జనవరి 24

రాస్తాను. రాసి చించేస్తే సరి.

ఘోషాల్ బాబు గొడౌనులో తవిటయ్య పని చేసేవాడు. ఇంజన్లు తుడిచే నూలుపీచు, పాత గుడ్డపేలికలు ఏరి మూటలు కట్టే పని. మధ్యాన్నం టిఫిన్ అయ్యాక బయట తాళం వేసేవారు, పీచు ఎవరూ పట్టుకుపోకుండా. అయిదుకి తీసేవారు. రోజూ అదే. గేదెల్ని కట్టినట్టు అలవాటైపోయింది అందరికీ.

ఆ మార్చిలో మా చెల్లెలికి జబ్బని తవిటయ్య ఊరెళ్ళాల్సొచ్చింది. సెలవడిగితే పేరు కొట్టేస్తారు. మా ఇంటాయన అప్పటికి వర్క్‌షాపులోంచి రిటైరయి ఖాళీగా ఉన్నారు. నీ హాజరు బిళ్ళ ఇలా ఇవ్వరా, నాలుగు రోజులు నేను తవిటయ్యనవుతాను అన్నారు. నవ్వుకుంటూ వెళ్ళినారు. అలా వెళ్ళడం అందరూ చేసేదే, ఒకడి బిళ్ళ మీద ఒకడు. గుమాస్తాకి తలకాయలు లెక్క సరిపోతే చాలు.

మూడో రోజు మంటలొచ్చినాయి.

ఆయన వెనక కిటికీ ఊచ వంచి రైలు సైడింగు వైపు దూకినారు. పొగలో ఎవరూ చూడలేదు. గోనెపట్టా కప్పుకుని కాలవ గట్టమ్మట నడుచుకుంటూ ఇంటికొచ్చినారు. గోనె తీస్తే చర్మం దానితో వచ్చింది. మూడు రోజులు బతికినారు.

మర్నాడు పొద్దున్న మెయిలు బండిలో తవిటయ్య దిగినాడు. రిజిస్టర్లో వాడి పేరుంది గనక, లోపలున్నాడు, బతికి బయటపడినాడు అని అందరూ అనుకున్నారు. వాడు నా కాళ్ళు పట్టుకుని ఏడ్చినాడు. పెద్దమ్మా, నా బిళ్ళ మీద ఇంకొకళ్ళు వెళ్ళినారని తెలిస్తే నన్ను జైల్లో ఎడతారు, గుంటలు ఇద్దరూ చంకలో పిల్లలు అన్నాడు. మా కుంపటి మీద ఎడమ చెయ్యి పెట్టి కాల్చుకున్నాడు, పోలీసులకి చూపించడానికి. ఆ వాసన

ఆయనే చెప్పొద్దన్నారు. కుర్రాడు బతకాల, చెప్పకు నర్సమ్మా అన్నారు.

డాక్టరుకి పొయ్యి పేలిందని చెప్పినాను. కాగితం మీద సంతకం చెయ్యమంటే చేసినాను. వేలిముద్ర కాదు, సంతకం. వాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

నాలుగో మనిషని ఎందుకు పాడినానంటే, మొగుడి పేరు ఆడది పలకకూడదు గనక. అందుకే.

జనవరి 25

చించలేదు. చలి ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

గోల్‌బజార్ వెనక మీటింగు. రాయి గురించి. తవిటయ్యని మాట్లాడమన్నారు. ప్రతి ఏడూ మాట్లాడతాడు, నేను వెళ్ళను, మోకాళ్ళు నొప్పి. ఈసారి టీచరమ్మ రిక్షా పంపింది.

తవిటయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించినాడు. తర్వాత చెప్పినాడు. "పొగ ముందు తెల్లగా వచ్చింది, తర్వాత పచ్చగా, తర్వాత ఏటీ కనబడలేదు. సిట్టెమ్మ నా సెయ్యి పట్టుకుంది. జాకెట్టు తడిసిపోయింది పాలతో. పిల్ల లేసుంటాది, పిల్ల లేసుంటాది అంటంది. సెయ్యి ఇడిపించుకుని కిటికీ కాడికి ఎల్లినాను. ఇడిపించుకున్నాను బాబూ. ఆ సెయ్యి ఇప్పటికీ ఇక్కడే ఉంది" అని మణికట్టు పట్టుకున్నాడు.

జనం ఏడ్చినారు.

అవి ఆయన మాటలు. మంచం మీద పడుకుని మూడు రోజులూ అవే మాటలు. ముందు తెల్లగా, తర్వాత పచ్చగా. తవిటయ్య గుమ్మంలో కూర్చుని విన్నాడు. ఒక్క మాట మార్చలేదు. మణికట్టు పట్టుకోవడం కూడా అంతే.

నాకు కళ్ళు తిరిగినాయి. ఎండలో కూర్చోపెట్టినారు మరి.

ఫిబ్రవరి 6

హైమవతి కుళాయికెళ్ళినప్పుడు అడిగినాను. తవిటయ్య సైకిలు తుడుచుకుంటున్నాడు.

"తవిటీ, రాతి మీద నాలుగో పేరు వేయిస్తే ఏటవుతాది నాయినా?"

"ఎవరి పేరు పెద్దమ్మా?"

"మీ పెదనాన్నది."

గుడ్డ ఆపినాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. జాలిగా చూసినాడు.

"పెదనాన్న పొయ్యి పేలి గదా పోయినాడు."

"ఒరే, నాతో కూడానా?"

"నాను లోపలున్నాను పెద్దమ్మా. నాకు తెలీదేటి ఎవులున్నారో? నాకీ దగ్గు ఎక్కడిదనుకున్నావు. సలికాలమొస్తే ఊపిరాడదు, హైమని అడుగు. ఆ పొగే."

నిజంగానే దగ్గుతాడు. రాత్రుళ్ళు తలుపు గడియ పెట్టనివ్వడు. నేనే చాన్నాళ్ళు అనుకున్నాను, పాపం లోపలున్నవాడు కదా అని.

"సంజెవేళ అలాటి మాటలనకు. మందేసుకున్నావా?" అన్నాడు.

వేసుకోలేదని గుర్తొచ్చి వేసుకున్నాను.

ఫిబ్రవరి 7

ఆయన చెప్పొద్దనలేదు.

ఫిబ్రవరి 8

చెప్పు అన్నారు. అదే అన్నారు. రెండో రోజు పోలీసులు తవిటయ్య దగ్గరికొచ్చి మాట తీసుకుంటున్నారు వాకిట్లో. ఆయన లోపల మంచం మీద. నడిమిన ఒక్క గోడ. వాళ్ళు అడిగినారు, తలుపుకి తాళం ఉందా, ఎవరు వేసినారు. తవిటయ్య చూడలేదు బాబూ, పొగలో తెలవలేదు అన్నాడు. వాడు చూడలేదు మరి, ఆ వేళ మా ఊళ్ళో అమ్మ దగ్గరున్నాడు. ఆయన నా కొంగు పట్టుకుని, "సెప్పు, హరిపదో ఏసినాడని సెప్పు, కిటికీలోంచి పడినప్పుడు సూసినాను, తాళంసెవి సేతిలో ఎట్టుకుని నిలబడినాడు, నన్ను సూసినాడు, సెప్పవే" అన్నారు. గొంతు పైకి రాలేదు. నేను నోటికి తడిగుడ్డ అద్దినాను. దాహమని.

దాహమని కాదు.

హరిపదో అంటే ఘోషాల్ బాబు గుమాస్తా. కేసు కొట్టేసినారు. తాళమే లేదు, లోపల మూటలు దొర్లి తలుపు బిగిసింది అని రాసినారు. చూసినవాడు ఒక్కడూ లేడు గదా. పోయిన ఏడు హరిపదో మేదినీపూర్లో మంచం మీద పోయినాడు, కొడుకుల మధ్య, తులసినీళ్ళు తాగి.

తాళమెవరి మొలనుందో చెప్పిపో అని శవాల్ని అడిగినాను నేను. తెలిసి అడిగినాను.

ఫిబ్రవరి 9

ఏమీ తినలేదు. హైమవతి రసం పెట్టింది.

ఫిబ్రవరి 18, ఆదివారం

టీచరమ్మ ఇంటికెళ్ళి చెప్పేసినాను. మొత్తం. ఆయన పేరు మాత్రం నోటితో చెప్పలేక, మొగుడి పేరు గదా, ఒక చీటీ మీద రాసి చేతిలో పెట్టినాను. చదివింది. లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చింది.

"మామ్మగారూ, పేర్లు సరిచూసుకుందామని మునిసిపాలిటీలో చావుల పుస్తకం చూశాను. మార్చి పదిహేనున ఈ పేరుంది. కిరసనాయిలు పొయ్యి ప్రమాదం. తెలియజేసినవారు భార్య. పక్కన సంతకం. మీ అక్షరాలు నాకు తెలుసు కదా, పాట రాసిచ్చారు. ఆ నకారపు తోక అదే."

"ఆ సంతకం అబద్ధమమ్మా."

"మరి తవిటయ్యగారు? ఆయన లోపల ఉన్నాడు. అక్కడ జరిగింది నిమిష నిమిషం చెప్తాడు."

"అవి ఈయన మాటలే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. మెత్తని చెయ్యి. "పెద్దవయసులో దుఃఖాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. అదే వారంలో పోయారు, అదే మంట. మా నాయనమ్మ కూడా అంతే, ఎవరి చావు ఎవరిదో కలిపేసేది. మీరు వాళ్ళందర్నీ మీ ఇంటివాళ్ళలాగే ఏడ్చారు, అందుకే ఆ పాట అలా వచ్చింది" అంది. టీ ఇచ్చింది. అందులో ఏలక్కాయ వేసింది.

ముందుమాట అచ్చుకి వెళ్ళిపోయిందట. నాలుగో మనిషి గురించి రెండు పేజీలు రాసిందట.

మెట్లు దిగేటప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆమె నమ్మలేదు గనక. ఇంక నా తప్పు లేదు కదా. చెప్పినాను కదా.

ఫిబ్రవరి 26

రాయి వచ్చిందట. విల్‌ఫ్రెడ్ చెక్కుతున్నాడు, సిమెట్రీ రాళ్ళు చెక్కేవాడు. తెలుగు అక్షరాలు వాడికి రావు, టీచరమ్మ కాగితం మీద గీసిస్తే దాని మీదే ఉలి పెడుతున్నాడు. తవిటయ్య చూసొచ్చి చెప్పినాడు, నూకయ్యలో దీర్ఘం బాగా కుదిరిందని.

ఫిబ్రవరి 29

ఈ తేదీ నాలుగేళ్ళకోసారి వస్తాదట. ఏం ముంచుకొస్తాదోనని రోజంతా ఇంట్లోనే ఉన్నాను. ఏమీ రాలేదు.

మార్చి 3, ఆదివారం

జోగమ్మ మరమరాలు వేపుతోంది. బాణలిలో ఇసక. పక్కన కూర్చున్నాను.

"జోగమ్మా, ఆ రోజు నువ్వొక పేరు పాడాల."

"ఎవరిదప్పా?"

"మా ఇంటాయనది. నీ ఇంటాయన్ని నేను పిలుస్తున్నాను గదా, మా ఆయన్ని నువ్వు పిలవాల."

నవ్వింది. "పొయ్యి పేలి పోయినోడిని ఈ పాటలో ఎట్టమంటావేటి? ఇంక నయం, నా ఆవు కూడా ఆ యేడే సచ్చిపోయింది, దాన్నీ ఎట్టు."

నేను చెప్పినాను. బాణలిలో గింజలు నల్లబడినాయి. తీయలేదామె. టీచరమ్మలాగ కాదు, సగంలోనే నమ్మింది. నా ముఖం చూసి నమ్మింది.

ఒక్కటే అడిగింది. "తాళం?"

"హరిపదో."

"నీకెప్పుడు తెలుసు?"

"మూడో రోజు" అన్నాను. మళ్ళీ అన్నాను, "కాదు. మొదటి రోజే."

బాణలి దింపి పక్కన పెట్టింది. చాలా సేపు ఇసక కలిపింది ఉత్తినే.

"కోర్టులో నన్ను నిలబెట్టినారప్పా. తాళముందని నీకెవరు సెప్పినారు అనడిగినారు. రోజూ ఏస్తారు బాబూ అన్నాను. ఆ రోజు ఏసింది సూసినోడిని సూపించు అన్నారు. నువ్వు నా పక్కన కూకున్నావు. నా ఈపు రాసినావు."

"రాసినాను."

"నా ఇంటోడి సరణం ఎన్నిసార్లు పాడినావు నువ్వు? తాళమెవరి మొలనుందని అడిగీదానివి. నా మొకం సూసి అడిగీదానివి."

తవిటయ్య పిల్లలు చిన్నోళ్ళు, నాకు నీడ లేదు, నేను భయస్తురాలిని, నీకు తెలుసు కదా అన్నాను. ఏమేమో అన్నాను. ఆమె లేచి మాడిపోయిన మరమరాలు పెంట మీద పోసొచ్చింది.

"ఎల్లిపోప్పా. హైమ ఎదురు సూస్తంటాది" అంది. అక్కని పిలిచినట్టు అప్పా అనే అంది.

మార్చి 4

జోగమ్మ తవిటయ్యకి చెప్తాదేమో. హైమవతికి చెప్తాదేమో. బస్తీలో చెప్తాదేమో. ఇల్లు పోతాది. ఈ వయసులో ఎక్కడికి పోతాను.

మార్చి 5

ఎవరికీ చెప్పలేదు.

మార్చి 7

కుళాయి దగ్గర జోగమ్మ నా బిందె కూడా నింపింది, ఎప్పటిలాగే. మాట్లాడలేదు. తిడితే బాగుండును.

మార్చి 9

ఒకటి చేసినాను. టీచరమ్మ చీటీ మీదలాగే ఈ కాగితం మీద ఆయన పేరు రాస్తున్నాను. రాస్తే పలికినట్టు కాదు. జగ్గారావు. వర్క్‌షాపు ఫిట్టరు జగ్గారావు. రాసినాక ఆ కాగితం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ అవలేదు. ఇంత తేలిక పని.

మార్చి 12, మంగళవారం

జనం బాగా వచ్చినారు. వర్క్‌షాపు సైరను అయ్యాక ఇంకా వచ్చినారు. ఎర్ర గుడ్డ తీసినారు. రాతి మీద మూడు పేర్లు, తారీఖు. కింద నా పాటలో పాదం చెక్కినారు, తాళమెవరి మొలనుందో చెప్పరా అని. నాకు చెప్పలేదు అది వేస్తారని. టీచరమ్మ గొప్పగా నా వైపు చూసింది.

తవిటయ్యకి దండ వేసినారు. వాడు చొక్కా చెయ్యి మడిచినాడు.

నన్నూ జోగమ్మనీ ముందు కూర్చోబెట్టినారు. డప్పు మొదలైంది. ఎప్పటిలాగే నూకయ్య చరణానికి నేను ఊపిరి తీసుకున్నాను. జోగమ్మ నా వైపు చూడకుండానే అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆగు అన్నట్టు. తనే పాడింది.

పొద్దుగాల ఎల్లినావు నూకన్నా.

వెనక ఎవరో ముసల్ది "వోలమ్మ, మొగుడి పేరు" అని బుగ్గ నొక్కుకుంది. జోగమ్మ ఆగలేదు. నాలుగుసార్లు తీసింది ఆ చరణం. ప్రతిసారీ నూకన్నా, నూకన్నా అని, పదేళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారి. ఇంక ఆ పేరు నా నోట్లో లేదు.

నాలుగో చరణం జనమంతా అందుకున్నారు. నాలుగో మనిషెవరో అడగరా. అందరూ గుండెల మీద చెయ్యి వేసుకుని పాడుతున్నారు, మేమే ఆ మనిషి అన్నట్టు, టీచరమ్మ అలా నేర్పింది. తవిటయ్య కూడా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి వాడికి, నిజం నీళ్ళు.

నేను చెప్పినాను. పైకే చెప్పినాను. జగ్గారావు అని. మళ్ళీ చెప్పినాను. డప్పులు మోగుతున్నాయి. పక్కనున్నావిడ నా పెదాలు కదలడం చూసి, "ఏటి నర్సమ్మప్పా, మంచినీళ్ళు కావాలేటి?" అని గ్లాసు అందించింది.

తాగినాను.

మార్చి 13

జ్వరం. ఎండలో కూర్చోబెట్టినారు.

మార్చి 15

ఆయన పోయిన రోజు. హైమవతి బూరెలు వండింది. "మావకి బూరెలిష్టం కదత్తా" అంది. తవిటయ్య విస్తరి ముందు దండం పెట్టుకున్నాడు. "పెదనాన్నా, నువ్వే సల్లగా సూడాల" అన్నాడు. విస్తరిలోంచి ఒక బూరె తీసి నాకిచ్చినాడు. తినమన్నాడు. తిన్నాను.

మార్చి 24, ఆదివారం

టీచరమ్మ పుస్తకం అచ్చయి వచ్చింది. నా పేరు పెద్ద అక్షరాల్తో. ఒత్తులు ఒక్కటీ తప్పలేదు. తవిటయ్య నాలుగు పుస్తకాలు కొని డ్యూటీలో పంచినాడు, మా పెద్దమ్మ కట్టిందని.

మార్చి 28

పాటకి కొత్త చరణం వచ్చింది. పుస్తకంలో లేదు. ఎవరు కట్టినారో చెప్పలేదు గానీ నాకు తెలుసు. ఆ ఎత్తుగడ జోగమ్మదే. నిన్న పొద్దున్న మొదటిసారి విన్నాను కుళాయి దగ్గర.

తెలిసిన నోరొకటి ఉన్నాది బస్తీలో
తెల్లారి లేచి మనతో ఏడ్చింది
తలుపు గుద్ది అడిగినా పలకదు
తాళం ఆ నోటికే ఉందమ్మా

నా చరణాలన్నిటి కంటే బాగుంది. నేను పోయినవాళ్ళని అడిగినాను. ఆమె బతికున్నవాళ్ళని అడిగింది. ఇదే నిలుస్తాది. ఇంకో నెలకి జెండాలోళ్ళు పట్టుకుంటారు.

ఇవాళ మళ్ళీ అదే పాడుతున్నారు. బిందెలు వరసలో పెట్టుకుని, ఆ నోరెవరిదని పందేలు. ఘోషాల్ పెళ్ళాందే అంది ఒకతె. కాదు, హరిపదో పెళ్ళాంది, ఆవిడ రోజూ గుడికొచ్చి ఏడుస్తాది అంది ఇంకొకతె. "నువ్వే సెప్పు జోగమ్మొదినా, కట్టినోళ్ళకి తెలుస్తాది" అన్నారు. జోగమ్మ కుళాయి కింద బిందె సరిచేసుకుంటూ, "నాకేటి తెలుసు, నాను కట్టలేదు" అంది. నా వైపు చూడలేదు. పేరు పెట్టలేదామె. పెట్టదు కూడా.

అందరూ పాడుతున్నారు. నేనొక్కదాన్నీ ఊరుకుంటే అనుమానం వస్తాదని నేనూ అందుకున్నాను. రెండోసారి వచ్చేసరికి మూడో పాదంలో అందరూ తొందరపడుతున్నారు. తలుపు దగ్గర కొంచెం ఆగాల, అప్పుడే గుద్దినట్టుంటాది అని చెప్పి పాడి చూపించినాను. బాగా కుదిరింది అన్నారు.